రెండోసారి కట్టిన ఉప్పునీటి తొట్టి

మా చేపలు చచ్చిపోయిన రోజున నేను నా భార్యను ఒక మాట అన్నాను. ఆ మాట ఏమిటో ముందే చెప్పేస్తాను. దాచి దాచి చివర్లో విప్పడానికి ఇదేమీ పొడుపుకథ కాదు. "నీ చేతిలో పడింది ఏదన్నా బతికిందా మే?" అన్నాను.

అంతకు మూడేళ్ళ ముందు మాకు మూడో నెలలో ఒక గర్భం పోయింది. ఏడాదిన్నర తర్వాత ఏడో నెలలో ఒక ఆడబిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. చర్చి వెనక ఉన్న సమాధుల తోటలో ఆ బిడ్డను నా చేతులతో నేనే దించాను. ఇవన్నీ తెలిసి, తెలిసే అన్నాను. కోపంలో నోరు జారిందని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నోరు జారడం కాదది. మనిషికి ఎక్కడ తగులుతుందో చూసి అక్కడే వేశాను.

నాకు ముక్కు మీద కోపం. చిన్నప్పటి నుంచీ అంతే. మా కోట ఊళ్ళో రొయ్యల రైతులకు నీళ్ళు పరీక్ష చేసిపెట్టే చిన్న ల్యాబులో పని చేస్తాను. రొయ్యలు పెంచే గుంటలో ఉప్పు ఎంతుంది, అమ్మోనియా ఎంతుంది, సున్నం వెయ్యాలా, నీళ్ళు మార్చాలా, ఇదీ నా పని. నీళ్ళ సీసా బల్ల మీద పెట్టి రైతు ఎదురుగా కూర్చుంటాడు, నేను చెప్పేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంటాడు. ఏళ్ళ తరబడి ఆ చూపులు చూసి చూసి, నీళ్ళ గురించి నాకు తెలియనిది లేదనే పొగరు తలకెక్కింది.

మాది మేనరికం. నా భార్య మా మేనత్త కూతురు. నెల్లూరులో డాక్టరమ్మ మొదటిసారి అడిగింది కూడా అదే, "మేనరికమా?" అని. ఇద్దరం తల ఊపాం. అంటే జరిగినదాంట్లో ఆమె పాలెంతో నా పాలూ అంతే. ఆ సంగతి తెలిసి కూడా ఆ రోజు "నీ చేతిలో" అన్నానే గాని, "మన చేతిలో" అనలేదు.

బిడ్డ పోయాక రెండు నెలలు ఆమె ఏడవలేదు. వంట చేసేది, బట్టలుతికేది, ఆదివారం చర్చికి వచ్చేది, ఇంటికొచ్చి ముందు గదిలో కుర్చీలో కూర్చుని గోడను చూసేది. ఆ గోడ మీద ఏముందని చూస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. నాకు ఓదార్చడం చేతకాదు. పక్కన కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచదు. నాకు చేతనైనది నీళ్ళు చూడటం ఒక్కటే. అందుకని ఆ గోడకు ఆనించి నాలుగడుగుల గాజు తొట్టి పెట్టాను. ఎటూ అటే చూస్తుంది కదా, చూడ్డానికి ఏదో ఒకటి ఉండనీ అనుకున్నాను.

రంగుచేపల తొట్టి అనగానే అందరికీ తోచే బంగారు చేపలు, ప్లాస్టిక్ మొక్కలు కాదు. సముద్రాన్ని ఉన్నదున్నట్టు ఒక మూలకు తెచ్చిపెట్టే తొట్టి. రొయ్యపిల్లలను పుట్టించే హ్యాచరీలో పనిచేసే ఒక అన్న వడగట్టిన సముద్రపు నీళ్ళు ఇచ్చేవాడు. బొరియలున్న గుల్లరాళ్ళు పేర్చి చిన్న దిబ్బ కట్టాను. చెన్నైలో రంగుచేపలు అమ్మే వీధి నుంచి నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే రెండు క్లౌన్ చేపలు, ఒక నీలం చేప, ఎర్ర చారలున్న ఒక చిన్న రొయ్య, నత్తలు, గుల్ల మోసుకుని తిరిగే సన్యాసి పీతలు తెచ్చాను. అన్నిటికన్నా అపురూపం ఒక అనిమోన్. వేళ్ళన్నీ ఊపుతూ రాయికి అతుక్కుని ఉండే జీవి. నా భార్య దాన్ని పువ్వు అని పిలిచేది. క్లౌన్ చేపలు రెండూ ఆ పువ్వులోనే దూరి పడుకునేవి.

రెండు వారాలు ఆమె దాని వంక చూడనే లేదు. ఒక సాయంత్రం నేను ల్యాబు నుంచి వచ్చేసరికి నేల మీద మోకాళ్ళేసుకుని గాజుకు ముఖం ఆనించి ఉంది. సన్యాసి పీత ఒకటి పాత గుల్ల విడిచి కొత్త గుల్లలోకి దూరుతోంది. లోపలికి పోతుంది, నచ్చక బయటికొస్తుంది, మళ్ళీ పాతదాంట్లోకి పోతుంది. "ఇల్లు మారేదానికి ఇంత రచ్చా, దీని మొహం మండ!" అని నవ్వింది. ఆ నవ్వు విని నేను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను. బిడ్డ పోయిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత తొట్టి ఆమెదైపోయింది. మేత ఆమే వేసేది, గాజు ఆమే తుడిచేది. రొయ్య గుల్ల విడిస్తే నాకు ఫోన్ చేసి చెప్పేది. రైతుల ముందు "ఆహా, అట్టనా, సంతోషం" అంటుంటే వాళ్ళు నన్ను వింతగా చూసేవాళ్ళు. ఈ తొట్టిలో రోజూ నీళ్ళు కొంచెం ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు రోజూ పొద్దున్నే మామూలు నీళ్ళు ఒక చెంబెడు పొయ్యాలి. మా ఊరి కుళాయి నీళ్ళు పనికిరావు. "తాగే క్యాను నీళ్ళు ఒక చెంబు పొయ్యి, ఎక్కువా తక్కువా కాదు" అని చెప్పాను. ఒక్క రోజు కూడా తప్పకుండా పోసింది.

ఏడాది పైగా అంతా బాగానే ఉంది. ఆమె సండే స్కూల్లో పిల్లలకు మళ్ళీ పాటలు నేర్పడం మొదలుపెట్టింది. పెరట్లో పుదీన వేసింది. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోదామా అని ఒకరోజు తనే అడిగింది. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత నత్తలు చావడం మొదలైంది. గాజు మీద నుంచి జారి ఇసుకలో వెల్లకిలా పడేవి. ఒకటీ అరా పోతాయిలే అనుకున్నాను. ఆ నెలలో మా వైపు గుంటల్లో తెల్లమచ్చ రోగం వచ్చి రైతులు నా బల్ల చుట్టూ మూగి ఉన్నారు, నాకు తల గోక్కునే తీరిక లేదు. సన్యాసి పీతలు గుల్లల్లోంచి బయటికొచ్చి చచ్చాయి. రొయ్య గుల్ల విడుస్తూ విడుస్తూ సగంలో ఆగిపోయింది. పువ్వు ముడుచుకుంది. ఆమె రోజూ చెప్పేది, "బావా, ఒకసారి చూడు, నాకేందో బయంగా ఉండాది" అని. సగం నీళ్ళు మారిస్తే సర్దుకుంటుందిలే అని గూడూరులో ఒక నిమ్మతోట రైతు దగ్గర డ్రమ్ము అడిగి తెచ్చి, హ్యాచరీ నీళ్ళు పట్టుకొచ్చి మార్చాను. ఏమీ సర్దుకోలేదు.

ఒకరోజు పొద్దున నేను గుంట గట్టు మీద ఉండగా ఫోన్ వచ్చింది. "బావా, తొందరగా ఇంటికి రా" అంది ఆమె. ఇంటికి వచ్చి చూస్తే నీళ్ళు పాలలా ఉన్నాయి. పువ్వు రాయి నుంచి ఊడి కుళ్ళిపోయి పంపు గొట్టంలో ఇరుక్కుంది. క్లౌన్ చేపలు రెండూ, నీలం చేపా పైన పక్కవాటుగా తేలుతున్నాయి. వాసనకు ముక్కు పగిలిపోతోంది. ఆమె చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి, ఒక క్లౌన్ చేపను దోసిట్లో పట్టుకుని నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఆడిస్తోంది, మొప్పల్లోకి గాలి పోతుందేమోనని. అది చచ్చి గంటలు అయింది.

అప్పుడన్నాను ఆ మాట.

ఆమె చేపను మెల్లగా కింద పళ్ళెంలో పెట్టింది. చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. తుడుచుకుని, తుడుచుకుని, ఎంతసేపటికీ ఆపలేదు. నేను పంపు స్విచ్ ఆర్పేసి మళ్ళీ గుంటల మీదికి వెళ్ళిపోయాను. ఛీ, నేనూ ఒక మనిషినేనా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం గట్టు మీద నడుస్తూ కూడా ఇంకా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

కోపం దిగాక బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ముందు నత్తలు, తర్వాత పీతలు, తర్వాత రొయ్య, తర్వాత పువ్వు, ఇవన్నీ కుళ్ళి నీళ్ళు విషమై చివర్లో చేపలు. చేపలను చంపేది ముందు చేపలనే చంపుతుంది. నత్తలను ముందు చంపేది ఒకటే ఉంది, అది మా పని చేసేవాళ్ళందరికీ తెలుసు. రొయ్యపిల్లలను వదలకముందు గుంటలో నత్తలు ఎక్కువైతే మేము చల్లించేది మైలతుత్తం. అంటే రాగి. గోరంత రాగి చాలు, ఎముకలేని ప్రాణులన్నీ పోతాయి.

హ్యాచరీ నీళ్ళు పరీక్ష చేశాను. రాగి లేదు. గూడూరు నుంచి తెచ్చిన డ్రమ్ము కడిగిన నీళ్ళు చూశాను, నిమ్మతోటలో మైలతుత్తం, సున్నం కలిపే డ్రమ్మేమోనని అనుమానం. దాంట్లోనూ లేదు. క్యాను నీళ్ళలో లేదు. తొట్టి నీళ్ళలో మాత్రం నిండా ఉంది. మూడు రోజులు నెత్తి బద్దలు కొట్టుకున్నాను.

నాలుగో రోజు ఆదివారం. చర్చికి బయల్దేరుతూ ఆమె వంటింట్లో మంచినీళ్ళు తాగుతోంది. చిన్న కుళాయి ఉన్న రాగి బిందెలోంచి గ్లాసులోకి పట్టుకుంటోంది. నా చూపు ఆ బిందె మీదే ఆగిపోయింది.

ఆ బిందె మా అత్త ఇచ్చింది. అయిదారు నెలల క్రితం తెచ్చి, "దీంట్లో నీళ్ళు పోసిపెట్టి పొద్దున్నే పరగడుపున తాగమ్మా, కడుపులో వేడంతా పోతాది, ఈసారి బిడ్డ నిలబడతాది" అని కూతురి చేతిలో పెట్టింది. చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో ఎవరో చెప్పారట. నేను వెటకారంగా నవ్వాను. తాగితే తాగనీ, పోయేదేముంది అనుకున్నాను. అప్పటి నుంచి క్యాను రాగానే నీళ్ళన్నీ బిందెలో పడేవి. శనివారం శనివారం ఆమె చింతపండు పెట్టి దాన్ని తళతళా తోమేది. చింతపండు పులుపుకు రాగి ఇంకా తొందరగా నీళ్ళలోకి దిగుతుంది. క్యాను నీళ్ళలో ఏ లవణమూ ఉండదు కాబట్టి అవి ఇంకా తొందరగా లాక్కుంటాయి. మనుషులకు ఆ మాత్రం రాగి లెక్కలోది కాదు. నత్తలకు అది చావు. ఇదంతా నాకు పుస్తకంలో చదివినట్టు తెలుసు. రోజూ పక్కనే నిలబడి పళ్ళు తోముకుంటూ కూడా ఆ బిందె నా కంటికి ఆనలేదు.

తన బిడ్డ కోసమని తెచ్చుకున్న నీళ్ళలోంచి ఒక చెంబు చేపలకు పోసింది. తనకు మంచిదైతే వాటికీ మంచిదే అనుకుని ఉంటుంది.

బిందెలో నీళ్ళు ఒక సీసాలో పట్టి జేబులో పెట్టుకున్నాను. సోమవారం ల్యాబులో చూస్తే, రంగు పట్టికలో చివరి గడి కూడా దాటిపోయింది. ఆ సీసా ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చేపల సంగతి కాదు నన్ను తొలిచింది. నేనన్న మాట ఇప్పుడు నిజమైపోయింది. ఈ సంగతి ఆమెకు తెలిస్తే ఆ మాట ఆమె గుండెల్లో మేకులా దిగబడిపోతుంది. చేపలే కాదు, పోయిన బిడ్డలు ఇద్దరూ కూడా తన చేతి వల్లే పోయారని నమ్మేస్తుంది. ఇక జన్మలో డాక్టరమ్మ గడప తొక్కదు. ఆమెకు తెలియకూడదు. అది ఒక్కటే నిశ్చయించుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆమె ఖాళీ తొట్టి ముందు కూర్చుని ఉంది.

"తెలిసిందా?" అంది.

"తెలిసింది. నాదే తప్పు. గూడూరులో డ్రమ్ము తెచ్చినా చూడు, నిమ్మతోటలో మైలతుత్తం కలిపే డ్రమ్మది. సరిగ్గా కడగకుండా నీళ్ళు పట్టినా."

"డ్రమ్మా?"

"ఆ, డ్రమ్మే. నా బుర్రకు బుద్ధి లేదు."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. "సరే" అంది.

పెద్ద త్యాగం చేసినవాడిలా ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. తప్పు నా నెత్తిన వేసుకున్నాను కదా, ఇంకేం కావాలి! క్షమించమని మాత్రం అడగలేదు. అడగాలంటే ఆ మాటను మళ్ళీ పైకి తియ్యాలి. డ్రమ్ము అబద్ధంతో అది దానంతటదే కొట్టుకుపోతుందిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె లేవకముందే బిందెను అటక మీదికి ఎక్కించాను. "డాక్టరమ్మకు ఫోన్ చేసినా, రాగి నీళ్ళు వద్దంటా ఉండాది, వేడి చేస్తుందంట" అని ఇంకొక అబద్ధం చెప్పాను. దానికి కూడా ఆమె "సరే" అంది.

"తొట్టి మళ్ళా కడదాం" అన్నాను.

"ఎందుకు?"

"ఉత్త గోడ చూస్తా కూర్చుంటావా?"

"నీ ఇష్టం" అంది.

రాగి తాకిన రాళ్ళు మళ్ళీ పనికిరావు. లోపలికి పీల్చుకుని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా విడుస్తూనే ఉంటాయి. కడిగినా, ఉడకబెట్టినా పోదు. ఇసుకా అంతే. అన్నీ గోనెసంచుల్లో ఎత్తి ఊరి బయట పారబోశాను. గాజును వెనిగర్‌తో మూడుసార్లు తోమాను, పంపు కొత్తది వేశాను. రాళ్ళ కోసం ఆల్చిప్పల పొడి, తెల్ల సిమెంటు, కల్లుప్పు కలిపి నేనే ముద్దలు చేసి అచ్చుపోశాను. ఉప్పు కరిగిపోయి బొరియలు మిగులుతాయి. ఆ రాళ్ళను నెలన్నర నీళ్ళలో నానేశాను, సిమెంటు ఘాటు పోయేదాకా. అన్ని పనులూ ఒక్కణ్ణే చేశాను. ఆమె కుర్చీలో కూర్చుని చూసేది. ఒక రాయి అందివ్వమంటే, "తడి చేతులు" అనేది, లేకపోతే "పొయ్యి మీద కూర ఉండాది" అనేది.

కొత్త తొట్టిలో వెంటనే చేపలు వెయ్యకూడదు. చేపల మలినాన్ని అరిగించే సూక్ష్మజీవులు ముందు పుట్టాలి. అవి పుట్టాలంటే వాటికి తిండి కావాలి. అందుకని ఒక చచ్చిన రొయ్యను వేసి కుళ్ళబెడతారు. నేను మార్కెట్ నుంచి ఒక రొయ్య తెచ్చి తొట్టిలో వేస్తుంటే చూసి, ఆమె చాలా రోజుల తర్వాత తనంతట తాను ఒక మాట మాట్లాడింది.

"చచ్చినదాంతోనే మొదలుపెట్టాల్నా?"

"పద్ధతి అదే మే. అది కుళ్ళితేనే మిగతావి బతికేది."

లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రొయ్య అయిదు వారాలు కుళ్ళింది. రోజూ నీళ్ళు పరీక్ష చేస్తూ వచ్చాను. అమ్మోనియా పెరిగింది, తగ్గింది, చివరికి సున్నాకు వచ్చింది. నాకు తెలిసిన పని అది. ఆ పనిలో మునిగిపోయి ఇంట్లో మిగతావి చూడటం మానేశాను.

చూడలేదని కాదు. కంట్లో పడుతూనే ఉన్నాయి. ఒకరోజు అన్నంలోకి ప్యాకెట్ పెరుగు వేసింది. మా ఇంట్లో ఎప్పుడూ తోడుపెట్టిన పెరుగే. "ఇదేంది, ఈ సున్నం నీళ్ళు?" అని కసురుకున్నాను. "తోడు పెడితే సరిగ్గా పేరుకోవడంలా" అంది. పెరట్లో పుదీన ఎండిపోయింది. సండే స్కూల్లో పాటలు వేరేవాళ్ళు నేర్పుతున్నారని పాస్టరు గారు చెబితే, "గొంతు బాగలేదు" అంది. ఇవన్నీ అలసట అనుకున్నాను, కాలమే సర్దుతుందిలే అనుకున్నాను. గుంటలో రొయ్య ఒక పూట మేత తినకపోతే ఎందుకు తినలేదని చెయ్యి పెట్టి చూసేవాణ్ణి, ఇంట్లో మనిషిని అడగలేదు.

కొత్త చేపలు వచ్చాయి. మళ్ళీ రెండు క్లౌన్ చేపలు, నత్తలు, ఒక రొయ్య. చేపలున్న సంచిని తొట్టి నీళ్ళలో తేలించి, మెల్లగా అలవాటు చేసి వదలాలి. మొదటిసారి ఆ పని ఆమే చేసింది. ఈసారి సంచి ఆమె ముందు పెట్టాను. "నువ్వే వదులు బావా, నాకు చూసేదానికే బాగుంటాది" అంది. గది అవతలి చివర, తలుపు దగ్గర నిలబడి చూసింది. చేపలు బతికాయి. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, నత్తలు గుడ్లు పెట్టాయి. గాజు మీద ఆ తెల్లటి చుక్కలు చూసి నేను ఎగిరి గంతేశాను. గెలిచాను అనుకున్నాను. రోజూ మేత నేనే వేస్తున్నానని, చెంబెడు నీళ్ళు నేనే పోస్తున్నానని మాత్రం ఆలోచించలేదు.

ఆమె చెల్లెలిది కొడవలూరు. పెళ్ళయిన ఏడాదికే బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. మూడో నెలలో చర్చిలో బిడ్డను దేవుడికి సమర్పించే ప్రతిష్ఠ ప్రార్థన చేయిస్తూ మమ్మల్ని రమ్మన్నారు. పోవద్దులే అందామనుకున్నాను గాని ఆమే చీర ఇస్త్రీ చేసుకుని కూర్చుంది. సంతోషించాను. బిడ్డను చూస్తే మళ్ళీ ఆశ పుడుతుందిలే అనుకున్నాను.

అక్కడి పాస్టరు గారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేశారు. ఆరాధన ముగిశాక ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. మా చర్చిల్లో అది మామూలే, ప్రతిష్ఠ అయిన బిడ్డను ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుని దీవిస్తారు. పిన్నమ్మలు, అత్తలు, పక్కింటివాళ్ళు, అందరూ ఎత్తుకుని నుదుటి మీద ముద్దు పెట్టి పక్కవాళ్ళకు ఇస్తున్నారు. వరస నా భార్య దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఎత్తుకో" అని చెల్లెలు బిడ్డను చాచింది.

నా భార్య ఒక అడుగు వెనక్కి వేసింది. బైబిలును రెండు చేతులతో గుండెకు అదుముకుంది. "వద్దులేమ్మా, నాకు జలుబుగా ఉండాది, బిడ్డకి అంటుకుంటాది" అంది.

"ఏం కాదు, ఎత్తుకోవే. పెద్దమ్మవి, నువ్వు దీవించకపోతే ఎట్టా?" అంది మా అత్త.

"వద్దమ్మా."

"ఒక్క నిమిషం ఎత్తుకోక్కా" అని చెల్లెలు ఇంకా ముందుకు వచ్చింది. నా భార్య వీపు గోడకు తగిలింది. బైబిలును పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి. అంతమంది ఆడవాళ్ళు మాటలాపి ఆమెనే చూస్తున్నారు. "నన్ను వదిలెయ్యండమ్మా, మీకు దండం పెడతా" అంది. చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుని బిడ్డను వెనక్కి తీసుకుంది. కడుపుమంటతో ఎత్తుకోలేదని వెనక నుంచి ఎవరో గొణగడం నాకు వినబడింది. మగవాళ్ళ వైపు బెంచీ పట్టుకుని నిలబడ్డాను. ఆమె చేతుల వంక చూస్తుంటే నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. పెరుగు, పుదీన, సండే స్కూలు పిల్లలు, చేపల సంచి.

గూడూరు దాకా రైల్లో వచ్చాం. స్టేషన్లో పెట్టిన బండి తీసుకుని కోట దారి పట్టాం. రొయ్యల గుంటలు మొదలైన చోట నేను బండి ఆపాను. ఇంకా ఎండ ఉంది. గుంటల్లో నీళ్ళకు గాలి కలిపే ఏరియేటర్లు తుంపరలు చిమ్ముతున్నాయి.

"బిడ్డని ఎందుకు ఎత్తుకోలేదు?"

"జలుబని చెప్పినా గదా."

"నీకు జలుబు లేదు."

ఆమె బండి దిగి రోడ్డు పక్కన నిలబడింది. గుంటల వైపు తిరిగింది.

"రాగి బిందె సంగతి నాకు తెలుసు బావా" అంది.

నేను బండి స్టాండు వేసి ఆమె వంక తిరిగాను.

"ఆ ఆదివారం నువ్వు సీసాలో నీళ్ళు పట్టుకునేది చూసినా. రెండు రోజులకి పొద్దున్నే లేచి బిందె అటకెక్కించినావు. ఇంగ డ్రమ్మంటావా, నువ్వు డ్రమ్ము తెచ్చేదానికి నెల ముందు నుంచే నత్తలు చస్తా ఉండాయి. రోజూ చూసేదాన్ని నేను. నాకు తెలీదా?"

"మరి ఎందుకు చెప్పలా?"

"నువ్వు అంత కష్టపడి అబద్ధం చెప్తా ఉంటే కాదని ఎట్టా అనేది?"

అప్పుడు అడిగాను క్షమాపణ. నడిరోడ్డు మీద ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఆ మాట అన్న నోరు పడిపోనీ అన్నాను, తప్పయిపోయింది అన్నాను, అది నీ తప్పు కాదు, నువ్వు మంచికే పోశావు అన్నాను. నెలల కిందట అడగవలసింది, అంత ఆలస్యంగా అడిగాను. ఆమె తన చేతులు నా చేతుల్లోంచి నెమ్మదిగా విడిపించుకుంది.

"మంచికే పోసినా బావా. నా బయం అదే. చెడు చెయ్యాలని చేస్తే మానుకోవచ్చు. మంచికని చేసింది ఏది చంపుతాదో నాకెట్టా తెలిసేది?"

"అట్టా అనుకోబాకమ్మా."

"చేపలకైతే డ్రమ్మని చెప్పి నన్ను కాపాడినావు. నా చెల్లెలి బిడ్డకి ఏమన్నా అయితే ఏం చెప్తావు?"

ఎదురుగా వస్తున్న మేత లారీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని వచ్చి బండెక్కింది.

"పద బావా, చేపలకి మేత టైమైంది. నువ్వే గదా ఎయ్యాల" అంది.